మూడో నంబరు జోడీ

మా బావ పనికి రాలేదని రాసుకుని అతని చోటు తీసేశారు. రావద్దన్నదీ వాళ్ళే, రాలేదని రాసుకున్నదీ వాళ్ళే. జరిగిన అన్యాయం ఇదీ. ఓపిక ఉన్నవాళ్ళకు మిగిలిన సంగతి కూడా చెబుతాను. లేనివాళ్ళు ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకున్నా నాకు చాలు.

బావ అంటే చుట్టరికం బావ కాదు. శ్రీకాకుళం జిల్లాలో మా పక్క ఊరివాడు. నాకన్నా ముందే భిలాయి వచ్చాడు. స్టీల్ ప్లాంటులో పని దొరుకుతుందని వచ్చి, అది దొరక్క, ప్లాంటుకు ఇనుప సామాన్లు పోతపోసి ఇచ్చే ఒక చిన్న ఫౌండ్రీలో చేరాడు. డెబ్బైల మొదట్లో నన్నూ అందులోనే పెట్టించాడు. అతని భార్యను నేను అప్పా అని, అంటే మా వైపు అక్కా అని పిలిచేవాణ్ణి కాబట్టి అతను బావ అయ్యాడు. భిలాయిలోనే సుపేలా బజారు వెనక పక్కపక్క గదుల్లో ఉండేవాళ్ళం. మధ్యలో ఒకటే గోడ. ఇటు కూర మాడితే అటు దగ్గేవారు.

ఫౌండ్రీలో కరిగిన ఇనుమును అచ్చుల దాకా మోసుకుపోవాలి. పొడుగాటి కడ్డీ మధ్యలో కుండలాంటిది ఉంటుంది, దాన్ని లేడిల్ అంటారు. ముందు ఒకడు, వెనక ఒకడు పట్టుకుంటారు. ముందువాడు నేల చూడాలి, వెనకవాడు ఇనుము చూడాలి. తడినేల మీద ఇనుము ఒలికితే బాంబులా పేలుతుంది. ముందువాడు "తడి" అనగానే వెనకవాడు ఎందుకు, ఎక్కడ అని అడక్కుండా కాలు పక్కకు వెయ్యాలి. బావ ముందు, నేను వెనక. ఏళ్ళ తరబడి అలాగే నడిచాం. ఇవాళ కళ్ళు మూసుకుంటే అతని ముఖం సరిగ్గా కుదరదు గాని, వీపు మాత్రం నిన్న చూసినట్టు కనిపిస్తుంది. ఎడమ భుజం కాస్త కిందికి, మెడ మీద కాలిన మచ్చ, చెమటకు అతుక్కుపోయిన చొక్కా.

అందుకే అక్కడ మనుషుల్ని జోడీలుగా లెక్కపెట్టేవారు. పొద్దున్నే మా చేత పని చేయించే మిస్త్రీ "తీన్ నంబర్ జోడీ!" అని అరిచేవాడు. మా ఇద్దరిలో ఎవరో ఒకరం "హాజర్!" అనేవాళ్ళం. ఒకడు పలికితే ఇద్దరూ ఉన్నట్టే. కూలి కూడా జోడీ చేతిలోనే పెట్టేవారు. ఒకడికి జ్వరం వస్తే రెండోవాడు ఇసుక జల్లించో, అచ్చులు సర్దో జోడీ పరువు నిలబెట్టేవాడు. మా పేర్లతో ఎవరికీ పని ఉండేది కాదు. బజార్లో ఎదురుపడ్డా మిస్త్రీ నన్ను "క్యా తీన్ నంబర్, భాజీ లేలియా?" అని, కూర కొన్నావా అని పలకరించేవాడు. అది మర్యాదే అనుకున్నాం. ఒకణ్ణి పిలిస్తే రెండోవాడు కూడా వచ్చేస్తాడంటే తక్కువ గౌరవమా?

డెబ్బైల చివర్లో కరెంటు కోతలు మొదలయ్యాయి. ఆర్డర్లు కూడా తగ్గాయన్నారు. ఒకరోజు మేనేజరు షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆయన మన తెలుగాయనే, కోస్తావైపు మనిషి, బాగా చదువుకున్నవాడు. అందరికీ హిందీలో చెప్పి, మా వైపు తిరిగి తెలుగులో మళ్ళీ చెప్పాడు.

"ఎవర్నీ తీసెయ్యడం లేదు. పని సగం చేస్తున్నాం, అంతే. ఇది తాత్కాలికం. జోడీకి ఒక మనిషి రండి. వారం ఒకరు, వారం ఒకరు. ఎవరు ఎప్పుడు రావాలో మీలో మీరే చూసుకోండి."

మేం చప్పట్లు కొట్టాం. ఎవర్నీ తీసెయ్యడం లేదన్నందుకు, సగం కూలి పోయిన మనుషులం నిలబడి చప్పట్లు కొట్టాం! ఆ శబ్దం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ వారమే గేటు దగ్గర కొత్తగా ఒక కుర్చీ, ఒక బల్ల వేశారు. కళ్ళద్దాల కుర్రగుమస్తా ఒకడు కూర్చుని లోపలికి వెళ్ళే ప్రతివాడి పేరూ అడిగి రాసుకునేవాడు. మిస్త్రీ మాత్రం లోపల జోడీల్నే పిలిచేవాడు. మేం మిస్త్రీని నమ్మాం. కుర్చీని పట్టించుకోలేదు.

అప్పుడే నా భార్యకు కాన్పు కష్టమైంది. పిల్ల దక్కింది గాని తల్లికి నెత్తురు పట్టలేదు. మంచం దిగలేని మనిషికి మందులు, పసిదానికి డబ్బా పాలు. నాకేమో వారం పని, వారం ఇల్లు. గోడకు ఆవలినుంచి బావ అంతా వింటూనే ఉన్నాడు. ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో చతికిలపడ్డాడు.

"ఒరే బామ్మర్దీ, వొచ్చేవారం కూడా నువ్వే ఎల్లు."

"అది నీ వారం కదా బావా."

"నా వారమేటి, నీ వారమేటి? జోడీ వారం. నువ్వెల్తే నానెల్లినట్టు కాదేటి?"

"మరి నీకు?"

"నాకేటయింది? ఇద్దరం మొగుడూ పెళ్ళాం, గంజి తాగి తొంగుంటాం. మీ అప్పకి నా మొకం ఎక్కువ సూసే అదృష్టం పట్టింది."

అప్ప గోడవతల నుంచే అందుకుంది. "ఆ అదృష్టం నాకొద్దు గాని, ముందు ఆడిని ఎల్లనీ. పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తంది!"

అలా అతని వారాలన్నీ నేనే చేశాను. పోతలు దాదాపు ఆగిపోయాయి, అంతా ఇసుక పని, అచ్చుల పనే. "తీన్ నంబర్ జోడీ!" అని మిస్త్రీ అరిచినప్పుడల్లా ఇద్దరి గొంతూ పెట్టి "హాజర్!" అన్నాను. మిస్త్రీకి సంగతంతా తెలుసు. "బఢియా జోడీ హై" అని మెచ్చుకుని నా భుజం తట్టాడు కూడా. కూలిలో సగం తీసుకెళ్ళి బావకిస్తే, దాంతోనే పిల్లకు పాలడబ్బా కొని తెచ్చి మా గూట్లో పెట్టేసేవాడు.

గంజి తాగి తొంగుంటానన్నవాడు ఏం చేస్తున్నాడో కొన్నాళ్ళకు గాని నాకు తెలియలేదు. సుపేలా మెయిన్ రోడ్డు మీద ధాన్యం కొట్టు ముందు లారీలోంచి బస్తాలు దించుతున్నాడు. గోనెసంచి ముసుగు వేసుకున్నా, ఆ వీపును నేను పోల్చుకోలేనా? దిగిన ఎడమ భుజం మీద బస్తా. వెనకనుంచి "బావా" అన్నాను. తిరక్కుండానే నవ్వాడు.

"సూసినావేటి? ఇదే నా కొత్త జోడీ. నీకన్నా నయం. నోరు మెదపదు, బీడీ అడగదు."

నాకు నవ్వు రాలేదు. బస్తా దించి, నా గడ్డం పట్టుకుని "తాత్కాలికమన్నాడు కదరా మేనేజరు. సదువుకున్నోడు అబద్దమాడతాడేటి?" అన్నాడు. ఈ మాట నన్ను వేళాకోళం చెయ్యడానికి అన్నది కాదు. నిజంగానే నమ్మాడు.

వానాకాలం ముగిశాక కోత ఎత్తేశారు. అందరూ రావచ్చని కబురు వచ్చింది. ఆ పొద్దున బావ గెడ్డం గీసుకున్నాడు. అప్ప ఇద్దరి క్యారేజీలూ ఒకే గుడ్డలో కట్టింది. నా భార్య మంచం మీంచి లేచి, పిల్లను చంకనేసుకుని మొదటిసారి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. గేటు దగ్గర నా పేరు చెప్పాను, వెళ్ళమన్నాడు గుమస్తా. బావ తన పేరు చెప్పాడు. గుమస్తా కాగితాలు తిరగేశాడు.

"నువ్వు పని వదిలేసి చాలా కాలమైంది. నీ పేరు కొట్టేశాం."

"వొదిల్లేదు బాబూ. మాది మూడో నంబరు జోడీ. ఈడొచ్చాడు కదా."

"అతనొచ్చాడు. నువ్వు రాలేదు."

లోపల్నుంచి మిస్త్రీ గొంతు వినబడింది. "తీన్ నంబర్ జోడీ!" గేటుకు ఇవతల నిలబడి బావ గట్టిగా "హాజర్!" అన్నాడు. నేనూ అన్నాను. ఇద్దరం ఒకేసారి పలకడం అదే మొదలు. మిస్త్రీ గేటు దాకా వచ్చి, గుమస్తా చెవిలో ఏదో అన్నాడు, గుమస్తా ఏదో అన్నాడు. ఆ తర్వాత మిస్త్రీ మా ముఖాలకేసి చూడలేదు. చేత్తో నన్ను మాత్రం లోపలికి రమ్మన్నాడు.

నేను కదల్లేదు. బావే నా వీపు మీద చెయ్యివేసి తోశాడు. "ఎల్లరా. ఇద్దరం బయటుంటే ఏటవుతాది?"

ఆ రోజు నాకు కొత్త మనిషిని జోడీ కట్టారు. మంచివాడే. కాని "తడి" అనడం అతనికి అలవాటు కాలేదు. కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక, పోత అయ్యేదాకా ఇనుము వదిలి నేలే చూస్తూ నడిచాను.

బావ కొన్నాళ్ళు రోజూ నాతోపాటు గేటు దాకా వచ్చాడు, క్యారేజీతో. మేనేజరు కారు వస్తే నమస్కారం పెట్టేవాడు. కారు ఆగేది కాదు. తర్వాత రావడం మానేశాడు. బస్తాలకు నడుం పట్టేసింది. ఒకనాడు అప్ప గిన్నెలన్నీ గోనెసంచిలో కట్టింది. దుర్గ్ స్టేషనులో రైలెక్కించి వచ్చాను. కిటికీలోంచి బావ నాకు ఇచ్చింది ఒకటే సలహా. "ఆ కొత్తోడికి నేల సూడ్డం నేర్పు."

అప్పటిదాకా నాది వానాకాలం చదువు. తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. ఆ గేటు దగ్గరి అబద్ధాన్ని కొట్టెయ్యాలంటే రాయడం రావాలి గదా. పకోడీల పొట్లాల కాగితాలు చదివాను, గోడల మీది బోర్డులు చదివాను, హిందీ అక్షరాలు సుద్దముక్కతో నేల మీద దిద్దాను. ఇవాళ నాలుగు పుస్తకాలు చదివి ఇది రాస్తున్నానంటే ఆ కోపమే నా బడి. మేనేజరుకు దరఖాస్తులు పెట్టాను. యజమానికి పెట్టాను. లేబర్ ఆఫీసు అరుగు మీద సెలవులన్నీ తగలేశాను. ఎక్కడా జవాబు లేదు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం, మా వైపునుంచి వచ్చినతను చెప్పాడు, బావ పోయాడని. ఊళ్ళో అతన్ని చివరిదాకా "పనొగ్గేసి పారిపోయొచ్చినోడు" అనే అన్నారట. అప్ప కాదని పోట్లాడితే "మరి మీవోడి జోడీ ఇంకా అక్కడే సేత్తన్నాడు కదా" అనేవారట. నా భార్య ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. గోడ దగ్గర కూర్చుంది. గోడకు ఆవల అప్పటికే వేరేవాళ్ళు ఉంటున్నారు.

మరుసటి ఆదివారం సెక్టర్ 2లో మేనేజరు ఇంటికి వెళ్ళాను. వెళ్ళగొడితే గట్టిగా అరుద్దామనుకున్నాను. ఆయన వెళ్ళగొట్టలేదు. వరండాలో పేము కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. లోపల్నుంచి టీ తెప్పించాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. షెడ్డు బయట ఆయన అన్న మాటలు ఆయనకే అప్పజెప్పాను. జోడీకి ఒక మనిషి రమ్మన్నది, మీలో మీరే చూసుకోమన్నది, మేం చూసుకున్నది, గేటు, గుమస్తా, బస్తాలు, రైలు. "ఇప్పుడు పనేం అడగడం లేదు సార్. మనిషే లేడు. అతను పని వదిలిపోలేదని మీ నోటితో ఒక్క మాట అనండి. ఊరికి వెళ్ళి మా అప్పకు ఆ మాట చెప్పుకుంటాను" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నన్ను కిందనుంచి పైదాకా శ్రద్ధగా చూశాడు. ఇన్నేళ్ళకు నాకొచ్చిన జవాబు ఇది.

"అంతా విన్నానయ్యా. ఇంతకీ ఆ ఇద్దరిలో నువ్వెవరివి?"