రిమోట్ ఆపితే తిరిగిన మోటారు

తిరుగుతున్న ప్రొపెల్లర్‌లో ఆ అమ్మాయి చెయ్యి పెట్టిందని చెబుతారు. ఆ కాలేజీలో ఎవరిని అడిగినా ఇదే మాట. అబద్ధం. చెయ్యి పెట్టినప్పుడు అది తిరగడం లేదు. బొట్టు పెడుతుంటే తిరిగింది. ఈ తేడా ఎవరికీ అక్కర్లేకపోయింది కాబట్టే రాస్తున్నాను.

అది 2023 దసరా. గుంటూరులో నాకు మోడల్ విమానాల సామాను అమ్మి, బాగుచేసే కొట్టుంది. సత్తెనపల్లి వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నా దగ్గర ఈఎస్సీ కొన్నారు. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ అన్నమాట. బ్యాటరీకీ మోటారుకీ మధ్య కూర్చుని, రిమోట్ అడిగినంత కరెంటే మోటారుకి వదులుతుంది.

ఆయుధ పూజ అయిన మూడో రోజు వాళ్ల హెచ్ఓడీ విమానం పట్టుకుని వచ్చాడు. వెనకే సౌజన్య, ఆ విమానం కట్టిన పిల్ల. కుడిచేతి రెండు వేళ్లకి కట్టు.

"ఈఎస్సీ పాడైందని ఒక్క లైను రాసివ్వండి మేడం. లేదంటే అమ్మాయి అజాగ్రత్త అని రాయాల్సొస్తుంది. విమానాల పోటీకి పంపరు."

పాడైందో లేదో చూద్దాం, కూర్చోమన్నాను. ముందు ప్రొపెల్లర్ ఊడదీశాను. మోటారు జోలికి వెళ్లే ముందు చేయాల్సిన మొదటి పని అది. బ్యాటరీ తగిలిస్తే బీప్‌లు సరిగ్గానే వచ్చాయి. రిమోట్ మీది స్టిక్ పైకి లేపితే మోటారు మెల్లగా అందుకుంది, దించితే ఆగింది. ఈఎస్సీ నిక్షేపంలా ఉంది.

పూజలో ఏం జరిగిందని సౌజన్యని అడిగాను.

"బ్యాటరీ తీసేస్తానన్నాను మేడం. ప్రిన్సిపాల్ గారికి బీప్ వినిపించాలి, ఉంచమని సారే అన్నారు."

"మరి రిమోటు?"

"అమ్మాయి బొట్టు పెడుతుంటే నేనే ఆపాను. ఆపేస్తే సేఫే కదండీ" అన్నాడు హెచ్ఓడీ.

సేఫట. ఆయన ఎదురుగానే రిమోట్ ఆపాను. మోటారు ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకుంది. బల్ల అదిరింది. ఆయన కుర్చీ వెనక్కి జరిగింది.

రిమోట్ సిగ్నల్ పోతే ఏం చేయాలో విమానంలోని రిసీవర్ గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటారు. ఈ రకం రిసీవర్‌ని రిమోట్‌తో జత చేసేటప్పుడు స్టిక్ ఎక్కడుంటే అదే దానికి గుర్తు. క్యాలిబ్రేషన్‌కి, అంటే స్టిక్ పై కొస, కింది కొస ఈఎస్సీకి నేర్పడానికి, ముందు స్టిక్ పైకి పెట్టాలి. సౌజన్య రెండు పనులూ ఒకేసారి, స్టిక్ పైన ఉండగానే చేసింది.

అలా చేయమని ఎవరు చెప్పారే అని గద్దించాను.

"మీరే కదా మేడం, ముందు స్టిక్ పైకి పెట్టమన్నారు."

నిజమే. జత చేసేటప్పుడు మాత్రం కిందే ఉండాలని చెప్పలేదు.

"అయితే అమ్మాయి తప్పే" అన్నాడాయన, ఎంత తేలిక పడ్డాడో.

నాకు ఒళ్లు మండింది. "పిల్ల తప్పూ ఉంది, నా తప్పూ ఉంది. ప్రొపెల్లర్ ఉంచి, బ్యాటరీ ఉంచి, బొట్టు పెట్టమ్మా అని, చెయ్యి దాని మీదుండగా రిమోట్ ఆపింది ఎవరండీ?"

ఆయన విమానం చంకన పెట్టుకుని లేచాడు.

అన్ని తప్పులూ, నాది మొదట పెట్టి, కాగితం మీద రాసి కాలేజీకి పంపాను. ఆ రోజు నుంచి నా కొట్లో ఈఎస్సీ కొన్నవాళ్లు ప్రొపెల్లర్ తీసి, నా ముందు రిమోట్ ఆపి చూపించాకే గడప దాటుతున్నారు. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ.

కాలేజీ రిపోర్టులో మాత్రం నా తప్పు, సౌజన్య తప్పు రాసి అక్కడితో ఆపేశారు. జట్టు ఆమె లేకుండానే పోటీకి వెళ్లింది, ఆమె కట్టిన విమానంతోనే. ఆమె చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఆ రిమోట్ స్విచ్ నొక్కిన వేలు సంగతి ఆ రిపోర్టులో ఎందుకు లేదో, నాకు ఎవరు చెబుతారు?