బొమ్మ పడని కంప్యూటర్

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని ఆ రోజుల్లో మా చుట్టాల్లో నాకున్నంత గౌరవం, తర్వాత ఉద్యోగం వచ్చాక కూడా మళ్ళీ దక్కలేదు. మాది ఆదోని. నాన్న ఒక పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. నేను కర్నూల్లో ఇంజినీరింగు ముగించి ఇంటికొచ్చి, ఎవరూ తిరిగి పిలవని ఇంటర్వ్యూలకు వెళ్ళొస్తూ, మిగతా కాలమంతా చుట్టాల ఫోన్లు బాగుచేస్తూ గడిపేవాణ్ణి. బాగుచేయడమంటే పెద్ద విద్యేమీ కాదు. ఫోను ఆపి, కాసేపు దానివంక గంభీరంగా చూసి, మళ్ళీ ఆన్ చేయడమే. చాలామటుకు ఫోన్లు దానికే లేచి కూర్చునేవి. (లేవనివాటికి "దీని బోర్డు పోయింది, కొత్తది తీసుకోండి" అనేవాణ్ణి. బోర్డు అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగివుంటే నాకూ ఇబ్బందే.) ఈ వైద్యంతోనే ఇంట్లో అందరూ నన్ను "ఇంజినీరు" అనడం మొదలుపెట్టారు. నేనూ అది నిజమేననుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి మా అక్క ఫోన్ చేసింది. అక్కంటే మా పెద్దమ్మ కూతురు. బావది మగ్గం పని. ఆ ఏడు ఆయనకు కుడి భుజం పట్టేసి, మగ్గం మీద పూటకంటే ఎక్కువ కూర్చోలేకపోతున్నాడు. అక్క ఎక్కడో శిక్షణకు వెళ్ళి కంప్యూటర్‌లో చీర అంచుల డిజైన్లు వేయడం నేర్చుకుంది. ఊళ్ళో చీరలు కొనే ఒక షావుకారు ఆమె చేతిపని చూసి, "ఇంట్లో మిషను పెట్టుకో, నెల తిరిగేలోగా ఒక అంచు వేసి చూపించు, నచ్చితే పనంతా నీకే ఇస్తా" అన్నాడట.

"ఒరే అబ్బోడా, నాకొక చిన్న కంప్యూటర్ కావల్లప్పా" అంది అక్క. "చానా చిన్నది. మగ్గం పక్కన గోడలో గూడుండాది సూడు, దాంట్లో పట్టల్ల. మా టీవీకే తగిలిచ్చుకుంటా. రేటు గూడ మనకందేటట్ల ఉండల్ల."

"గూడెంత ఉంటుందక్కా?"

"జానెడున్నర వెడల్పు, జానెడు లోతు."

నేను వెంటనే నా అరచేయి గోడకు ఆనించి జాన చాపి, స్కేలుతో కొలిచి, ఆ లెక్క మనసులో పెట్టుకున్నాను. మా అక్క చేతికి చిన్నపిల్లల సైజు గాజులే సరిపోతాయని మా వంశమంతటికీ తెలుసు. ఆ సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

వెనకనుంచి బావ ఫోన్ అందుకున్నాడు. "కర్నూల్లో రెడీమేడుగా చిన్నవి అమ్ముతాండారంట గదా, అది తీసుకుంటే సాలదా?"

"బావా, అది రెడీమేడ్ చొక్కా లాంటిది. ఒకచోట బిగుసు, ఒకచోట వదులు. నేను కొలతలు తీసి కుట్టించి ఇస్తా చూడు" అన్నాను. పుట్టినప్పటినుంచి గుడ్డల మధ్యే బతికిన మనిషికి గుడ్డల ఉపమానం చెబుతున్నానని నాకు తట్టలేదు. ఆయన పాపం "నీకు తెల్సుంటాది లేప్పా" అని ఫోన్ అక్కకిచ్చేశాడు.

ఇక నా ఎంపిక మొదలైంది. కాళ్ళు చాపుకొని పొద్దంతా వీడియోలు చూడటం, అమ్మ కసిరితే "ఇది పని" అనడం. ముందు డబ్బా ఎంచాను, దొరికినవాటిలో బాగా చిన్నది. ఆ డబ్బాలో పట్టాలంటే బోర్డు చిన్నది కావాలి, కరెంటు పెట్టె చిన్నది కావాలి, ఫ్యాను పొట్టిది కావాలి. అన్నీ చిన్నవైతే ధరా చిన్నదవుతుందనుకున్నాను. కాదు, వస్తువు కురచయిన కొద్దీ ధర పొడుగవుతోంది. అక్క చెప్పిన మొత్తం దాటకుండా ఉండాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించాలి. అప్పుడు దొరికింది నాకు ఆ ప్రాసెసర్. ఒకే రకానివి రెండున్నాయి. ఒకదాని పేరు చివర "ఎఫ్" అనే అక్షరం ఉంది, అది కాస్త చవక. "ఎఫ్ అంటే ఫాస్ట్ అక్కా, అదృష్టం బాగుంది మనకు" అని ఫోన్ చేసి మరీ చెప్పాను. వేగం ఎక్కువుండి ధర తక్కువుంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. మిగిలిన డబ్బుకు రంగురంగుల దీపాలు వెలిగే ఫ్యాను తెప్పించాను. (అంచుల డిజైనుకు ఆ దీపాలతో ఏం పనో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.)

భాగాలన్నీ వచ్చాక ఆదోనిలోనే బిగించి, పనిచేస్తోందో లేదో చూసుకొని తీసుకెళ్ళవచ్చు. బుద్ధున్నవాడు అదే చేస్తాడు. కానీ నేను బిగిస్తుంటే నలుగురు చూడొద్దా? అందుకే డబ్బాలు డబ్బాలుగానే సంచిలో వేసుకొని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పెట్టుకొని ఎమ్మిగనూరు చేరాను. వెళ్ళేసరికి అక్క గూట్లో ఉన్న నూలు కండెలన్నీ తీసేసి, సున్నం కొట్టించి, కంప్యూటర్ మీద కప్పడానికి తన పాత చీర అంచుతో ఒక గుడ్డ కూడా కుట్టి ఉంచింది. పక్కింటి అవ్వ వచ్చింది. బళ్ళో పంతులుగా రిటైరైన ఎదురింటి అయివారు కుర్చీ తెచ్చుకొని మరీ వచ్చాడు. గుమ్మంలో ఇంకా నలుగురైదుగురు.

చాపేసుకొని, స్క్రూడ్రైవర్ పట్టుకొని, ప్రతి భాగం పేరూ పైకి చెబుతూ బిగించాను. బిగించి గూట్లో పెట్టబోతే పట్టలేదు. రెండు వేళ్ళ మేర బయటికే నిలిచింది. అక్క తన జాన గూటికి ఆనించి చూపించింది, నేను నాది ఆనించాను. రెంటినీ చూసి బావ మీసాల చాటున నవ్వుకున్నాడు. "గాలాడాలి కదా, బయటుంటేనే మంచిది" అని చెప్పి, దాన్ని జొన్నల డ్రమ్ము మీద పెట్టించాను.

అక్క పసుపు, కుంకుమ పెట్టింది, టెంకాయ కొట్టింది. నేను బటన్ నొక్కాను. ఫ్యాను గిర్రున తిరిగింది. ఎరుపు, పచ్చ, నీలం దీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగాయి. "ఎంత కళగా ఉండాదప్పా!" అంటూ అవ్వ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. టీవీలో మాత్రం "సిగ్నల్ లేదు" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు.

"మొదటిసారి కదా, లోపల అన్నీ సర్దుకోవాలి" అన్నాను. అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. అక్క టెంకాయ ముక్కలు, బెల్లం పంచింది. తినడం అయిపోయింది, సర్దుకోవడం కాలేదు. నేను వైర్లు పీకి పెట్టాను, ఆపి వేశాను, గంభీరంగా చూశాను. నా విద్యలన్నీ అయిపోయాయి. అప్పుడు నా చూపు టీవీ మీద పడింది.

"అక్కా, మీ టీవీ పాతది. కొత్త కంప్యూటర్ దీనికి అర్థం కావడం లేదు."

"పోయినేడే కొంటిమి గదప్పా" అన్నాడు బావ.

"టీవీల్లో ఏడాదంటే చాలా కాలం బావా."

"మా ఇంట్లోదుండాది గదా, తెచ్చి పెట్టుకోండి" అంది అవ్వ. నేను లేవబోయేంతలో బావే వెళ్ళి, ఆ పట్టేసిన భుజంతోనే అవ్వ టీవీ మోసుకొచ్చాడు. దానికి తగిలించాం. అందులోనూ "సిగ్నల్ లేదు". ఇప్పుడు వెనక్కు తగ్గడం ఎలాగో నాకు తెలియలేదు. టీవీ వెనక్కు వెళ్ళి, ఫోన్ టార్చి వేసి, అక్కడ వైరు పెట్టే సందులోకి తొంగి చూశాను.

"అవ్వా, మీదాంట్లో ఈ పోర్టు పాడయినట్టుంది."

అవ్వ ముఖం వాడిపోయింది. "సీరియల్ బాగానే వస్తాండాదే నాయనా?"

"పైకి వస్తుందవ్వా. లోపల జబ్బుంది."

అప్పుడు కుర్చీలో ఉన్న అయివారు కల్పించుకున్నాడు. నన్ను పట్టుకోవాలని కాదు, కాలక్షేపానికే. "ఏమప్పా ఇంజినీరూ, ఆ ప్రాసెసరో ఏందో, దాని అట్టపెట్టె మీద ఏదో రాసింటారు గదా. సదువు, మేమూ తెల్సుకుంటాం." నాకు ప్రాణం లేచొచ్చింది. టీవీ మీదనుంచి అందరి దృష్టీ మళ్ళుతుంది కదా. పెట్టె తీసుకొని ఒక వాక్యం ఇంగ్లీషులో చదవడం, దాన్ని తెలుగులో విడమరచడం మొదలుపెట్టాను. "దీంట్లో ఆరు బుర్రలున్నాయి, ఆరూ ఒకేసారి పనిచేస్తాయి" అన్నాను. "ఆరా!" అంది అవ్వ. నా గొంతు ఇంకా పెరిగింది. అలా చదువుకుంటూ చదువుకుంటూ పక్క అంచున చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం దగ్గరికొచ్చాను. ఇంగ్లీషు ముక్క గట్టిగానే చదివాను. చదివాక పెట్టె పక్కన పెట్టేయబోయాను.

"తెలుగులో సెప్పప్పా, అవ్వకు అర్థం కాల్యా" అన్నాడు అయివారు.

"అంటే... దీనంతట దీనికి బొమ్మ చూపించడం రాదు, అని."

"మరి ఎవరికొస్తాది?" అంది అవ్వ.

"వేరే కార్డు ఒకటి పెట్టాలవ్వా."

"పెట్టు మరి."

"పెట్టడానికి ఈ డబ్బాలో చోటు లేదు."

 అవ్వ, వెక్కిరింపుగా కాదు, నిజంగా జాలిపడుతూ, "అయ్యో, ఆరు బుర్రలుండి ఒక్క కన్ను లేకపాయనే దానికి!" అంది. గుమ్మం దగ్గర మొదలైన నవ్వు వీధి చివరిదాకా పాకింది. అయివారు కుర్చీ పట్టుకొని మరీ నవ్వాడు. ఆ రంగుల దీపాలు మాత్రం మానకుండా వెలుగుతూనే ఉన్నాయి. ఆదోనిలో నాకున్న సొంత కంప్యూటర్‌లో ఎప్పుడో ఆటలకోసం పెట్టుకున్న పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంది. బొమ్మ దాంట్లోంచి వస్తోందని తెలుసు గానీ, అది లేకుండా బొమ్మే రాని ప్రాసెసర్లు కూడా ఉంటాయని, పేరు చివరి ఆ ఎఫ్‌కు అదే అర్థమని నాకు తెలియదు. మగ్గం కోసం నేలలో తవ్విన గుంట ఎదురుగానే ఉంది. అందులో దిగి కూర్చుంటే బాగుండుననిపించింది.

అక్క నవ్వలేదు. నవ్వివుంటే బాగుండేది. నేను సామాను సర్దుకుంటుంటే కంచంలో అన్నం పెట్టి, "తిని పో అప్పా, పొద్దున్నుంచి పనిమీదే ఉంటివి" అంది. బావ అవ్వ టీవీని తిరిగి మోసుకెళ్ళి ఇచ్చొచ్చి, ఓ మూల కూర్చుని భుజానికి మందు రాసుకుంటున్నాడు. ఆ మందు వాసనలో ముద్ద దిగలేదు. ఆదోని బస్సులో దారంతా తలెత్తలేదు. జనం నవ్వినందుకు కాదు. సున్నం కొట్టిన గూడు, కుట్టి ఉంచిన గుడ్డ, మందు రాసుకుంటున్న భుజం, ఇవి కళ్ళముందు నుంచి పోలేదు. షావుకారు పెట్టిన గడువుకు వారమే మిగిలిందని కూడా గుర్తొచ్చింది.

ఊరి పొలిమేరలో పత్తి ట్రాక్టర్ల వెనక బస్సు ఆగిపోయినప్పుడు ఉపాయం తట్టింది. నా సొంత కంప్యూటర్‌లో ఉన్నది, అక్క బోర్డుకు సరిపోయేదే, చివర ఏ అక్షరమూ లేని ప్రాసెసర్. బొమ్మ చూపించగలిగింది. మర్నాడే దాన్ని ఊడదీసి మళ్ళీ బస్సెక్కాను. ఈసారి ఎవరినీ పిలవలేదు, దేని పేరూ పైకి చెప్పలేదు. మార్చి, బటన్ నొక్కి, కళ్ళు మూసుకున్నాను. "వచ్చిందప్పా!" అని అక్క అరిచిన అరుపుకు కళ్ళు తెరిచాను. (ఆ ఎఫ్ ప్రాసెసర్ నా కంప్యూటర్‌లో, నా కార్డు పుణ్యాన, ఏ తంటా లేకుండా పనిచేసింది.)

అక్కడితో అయిపోతే ఈ కథ కొంచెం గౌరవంగానే ముగిసేది. బయటికొచ్చేసరికి అవ్వ అరుగుమీద దిగులుగా కూర్చుని ఉంది. "నువ్వే సెప్తివి గద నాయనా, లోపల జబ్బుండాదని. పొద్దున్నే ఆటోలో ఏసి టీవీని మెకానిక్ కాడికి పంపిస్తి" అంది. నేను పరుగున ఆ దుకాణానికి వెళ్ళాను. అవ్వ టీవీ వెల్లకిలా పడుకుని ఉంది, లోపలివన్నీ బల్లమీద పరిచి ఉన్నాయి.

"ఏమీ లేదన్నా దీంట్లో" అన్నాడు మెకానిక్. "పాడయిందని ఎవరు సెప్పినారు?"

"ఎవరో ఇంజినీరంట" అన్నాను.

"అట్లాంటోళ్ళుంటేనే గదన్నా మాకు బువ్వ" అన్నాడతను హాయిగా.

టీవీని ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చి అవ్వ ఇంట్లో నిలబెట్టి, అది ముందునుంచీ బాగానే ఉందని, తప్పు చెప్పింది నేనేనని అన్నాను. అవ్వ నా తల నిమిరి, "పోనీలే నాయనా, ఒగసారి సూపిచ్చింది మేలే అయింది" అంది. తిట్టివుంటే అంత బాధ ఉండేది కాదు. అక్క ఆ వారంలోనే అంచు వేసింది. షావుకారు అంచులో నెమలి మెడ పొడుగైందని వంక పెట్టాడట గానీ, పని మాత్రం ఇచ్చాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. మొన్నామధ్య ఎమ్మిగనూరు వెళ్ళాను. అక్క దగ్గర ఇప్పుడు ఇద్దరమ్మాయిలు డిజైన్లు నేర్చుకుంటున్నారు. "మాకు మిషను పెట్టిచ్చింది మా తమ్ముడే" అని వాళ్ళకు చెబుతుంటే నేను గోడవంక చూస్తూ నిలబడ్డాను. తర్వాత అక్క తెరమీద కొత్త అంచు ఒకటి తెరిచింది. వంగపండు రంగు నేల, దానిమీద బంగారు గవ్వలు. "ఎట్లుందప్పా?" అంది. అప్పటి నేనైతే కుర్చీ లాక్కొని కూర్చుని, రంగుల గురించి గంటసేపు చెప్పివుండేవాణ్ణి. ఆ పిల్లోడు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది, ఎందుకో కొంచెం ముద్దుగానూ అనిపించాడు.

"నాకు తెలీదక్కా. నువ్వే చెప్పు" అన్నాను.

అక్క మౌస్ వదిలేసి, నావైపు తిరిగి చూసింది. ఆ తర్వాత, అన్నేళ్ళుగా ఆపుకున్నదేమో, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.