బాపు సొంత పేరు

కూటికి రాని చదువని నా భార్య తిట్టేది. నిజమే. లోజ్‌బాన్ అని ఒక భాష ఉంది. అది ఏ ఊరి భాషా కాదు, కొందరు కూర్చుని తయారుచేసింది. కరీంనగర్‌లో నేను పాఠాలు చెప్పే బడి అయిపోయాక ఫోన్లో అదే నేర్చుకునేవాణ్ని. అందులో మనిషి పేరు హల్లుతో ముగియాలి. మన పేర్లు అట్లా ముగిసేవి తక్కువ కదా! చివర ఒక 'స్' తగిలించి, ఒత్తులు పీకేసి, ఇంటిల్లిపాది పేర్లూ నోటుబుక్కులో మార్చి రాశాను. మా నాయన, బాపు దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

బాపుకు రెండు పేర్లు. బొగ్గుగనిలో నౌకరీ వచ్చింది నిజానికి ఆయన అన్నకు, మా పెద్దబాపుకు. ఆయన ఒక్కరోజు దిగి, భయపడి ఊరికి పారిపోయాడు. వచ్చిన నౌకరీ పోగొట్టుకోలేక అదే కాగితంతో తమ్ముడు దిగాడు. అప్పట్లో మా దిక్కు అట్లా దిగినవాళ్లు ఇంకా ఉన్నారు. రిటైరయ్యేదాకా బాపు తన అన్న పేరుకే పలికాడు. అవ్వ ఎట్లాగూ మొగుడి పేరెత్తదు. ఇక సొంత పేరుతో పిలిచేదెవరు?

ఎవరి పేరు ఎట్లా ఉండాలో వాళ్లనే అడగడం మంచిదని ఆ భాష పాఠంలో చదివాను. దగ్గుతో మంచం పట్టిన బాపును అడిగాను.

"గనిది రాయకు. మా అవ్వ పెట్టింది రాయి," అన్నాడు.

రాసి వినిపించాను.

"గీ తోకేంది బిడ్డా?"

"గా భాషల గట్లనే ఉంటది బాపూ."

"ఉండనీ తియ్యి. నాదే గదా."

మూడుసార్లు చదివించుకున్నాడు. "నేను పోయినంక పిండాలు పెట్టేటప్పుడు అయ్యగారికి గీ పేరే చెప్పు. తోక లేకుంట," అని నవ్వాడు. చెప్తానన్నాను.

బాపు పోయిన పదో రోజు గోదావరి ఒడ్డున అయ్యగారు పోయినాయన పేరు అడిగాడు. వెనక గని మనుషులు నిలబడి ఉన్నారు, ఆఫీసు గుమాస్తాతో సహా. అవ్వ నా భుజం పట్టుకుంది. "గనోళ్లున్నరు బిడ్డా. వేరే పేరని తెలిస్తే పింఛన్ ఆపుతరు," అంది చెవిలో. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, నోటికి మాత్రం గని పేరే వచ్చింది.

పెద్దబాపు నా పక్కనే ఉన్నాడు. తన పేరు మీద పిండం పెడుతుంటే తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

"తమ్మునికి పెట్టురా," అన్నాడు తువ్వాల తీసి, నాకే వినపడేట్టు. "నాకెందుకు?"

బాపు సొంత పేరు నోటుబుక్కులో ఉంది, తోకతో సహా. ఆ పేరుకు నేనింకా నీళ్లు వదల్లేదు.