సున్నం కింద గీత

బందరులో మా చర్చి నేలలోని సమాధిరాయి మీద పడుకుంటే ఎవరో దొరసాని ఒళ్లు తాకినట్టయి కెవ్వుమన్నానని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆ రాయి మీద నేను పదిసార్లు పడుకుని ఉంటాను. గోథిక్ కప్పుని ఫొటో తీయాలంటే వెల్లకిలా పడుకోవాల్సిందే. నిలబడి తీస్తే కమానులు ఒక పక్కకి ఒరిగిపోతాయి. నన్ను భయపెట్టింది పైన ఉంది.

గుడివాడ కాలేజీలో పాఠాలు చెబుతాను. సెలవు దొరికితే పాత చర్చిల కప్పులు ఫొటోలు తీస్తాను. దివిసీమ దాకా తిరిగాను గానీ, మొనదేలిన కమానులు నాలుగు వైపుల నుంచీ లేచి నడినెత్తిన రాతిపువ్వు దగ్గర కలిసేది మాత్రం మా చర్చిలోనే చూశాను. ఆ పువ్వుకి సరిగ్గా కింద సమాధిరాయి. దాన్ని ఆనుకుని మూడో బెంచీ. అందులో మా అమ్మ చోటు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ అక్కడే.

మొన్న డిసెంబరులో, పండక్కి సున్నాలు వేయకముందు, రాయి మీద పడుకుని జూమ్ చేశాను. పువ్వు పక్కన సన్నటి గీత. బూజనుకున్నాను. పోయినేడాది ఇదే వారంలో తీసిన ఫొటో ఫోనులో వెతికి చూశాను. అందులో గీత పువ్వు దగ్గరే ఆగింది. ఇప్పుడు కిటికీ కమాను దాకా పాకింది. వీపు కింద రాయి చల్లగా ఉంది, చెమట మాత్రం చెవుల్లోకి కారుతోంది. పక్క బెంచీలో అమ్మావాళ్లు క్రిస్మస్ పాటలు ప్రాక్టీసు చేస్తున్నారు. లెన్సు మీద చిటికెడు తెల్లటి పొడి రాలింది.

నేను అరిచింది అప్పుడు. అమ్మ రెక్క పట్టుకుని గుమ్మం బయటికి లాక్కొచ్చాను.

చర్చి సెక్రటరీగారు వెనకే వచ్చారు. మాకు బాబాయి వరస.

"ఏంటమ్మా, పాడుకునేవాళ్లని హడలగొట్టావు?"

"కప్పు చీలుతోంది బాబాయిగారూ. ఈ రెండు ఫొటోలూ చూడండి."

కళ్లద్దాలు సర్దుకుని చూశారు. "ఉప్పెనకే చెక్కుచెదరని కప్పు, నీ కెమెరాకి పడిపోద్దా? రేపు సున్నం వేస్తున్నాంగా, పోద్దిలే."

"పోదండీ. కనపడకుండా ఉంటుంది, అంతే."

అమ్మ చెయ్యి విదిలించుకుంది. "నలుగుర్లో పరువు తీశావు కదే!"

"నువ్వు వెనక బెంచీలో కూర్చో, చాలు."

"నా చోట్లో ఇంకొకరు కూర్చుంటారుగా. వాళ్ల నెత్తిన పడితే పర్లేదా?"



మర్నాడు సున్నాలు వేసేచోటికి వెళ్లాను. నిచ్చెన దిగొస్తున్న మేస్త్రిని ఆ గీత సంగతి అడిగాను.

"ముందు లప్పం కూరి, ఆపైన సున్నం కొట్టమంటారమ్మా. ఏటా అంతే."

"ఎవరు?"

"పేరడక్కండమ్మా. మళ్లీ ఏడు పని ఉండదు."

ఇంజినీరుని పిలిపించమని కమిటీకి ఉత్తరం రాసి, రెండు ఫొటోలూ జతచేశాను. పండగ తర్వాత చూద్దామన్నారు. పండగనాడు కప్పు తళతళలాడుతోంది. ఎంత జూమ్ చేసినా గీత జాడ లేదు. మూడో బెంచీలో అమ్మ పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను. అందరూ ప్రార్థనకి కళ్లు మూసుకుంటే నేను మాత్రం కప్పు చూస్తూ ఉండిపోయాను. ఏటా ఆ గీతలో లప్పం కూరమని చెప్పే మనిషి కూడా అక్కడే ఎక్కడో ఉన్నాడు. ఇంతకీ ఆయన కూర్చునేది ఏ బెంచీలో?