లిఫ్టు మెకానిక్కు స్పీకర్లు కొన్న వైనం

ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై నాలుగేళ్లు ఒకే కంపెనీలో పనిచేశాడు. తోటివాళ్లు పెట్టిన పేరు చెవి మామ. ఏ భవనంలో లిఫ్టు మొరాయించినా, మిగతావాళ్లు పనిముట్ల సంచీ విప్పుతుంటే ఈయన మోటారు గదిలో గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. రెండు నిమిషాలయ్యాక "ఎడమ బేరింగు" అనేవాడు. విప్పి చూస్తే ఎడమ బేరింగే అరిగి ఉండేది. తప్పిన సందర్భాలు రెండున్నాయి. వాటిని ఆయనే అందరికీ చెప్పుకునేవాడు, మూడోది ఎవరూ కలపకుండా.

ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం వయొలిన్. వాయించడం కాదు, వినడం. ఇన్నేళ్లూ ఫ్రిజ్ మీద పెట్టిన చిన్న ప్లేయర్‌లోనే విన్నాడు. ఫ్రిజ్ ఆగినప్పుడు వయొలిన్, ఆగనప్పుడు రెండూ. రిటైరైన వారానికి భార్యతో, "ఇక మంచి స్పీకర్లు కొనుక్కుంటాను" అన్నాడు.

"కొనుక్కోండి" అంది ఆవిడ. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఆవిడది. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. ఎక్కువ మాట్లాడదు.

స్పీకర్ల కొట్టు ఒక మేడ మీద ఉంది. లోపల తివాచీ, సోఫా, గోడల నిండా పెట్టెలు. కొట్టాయన మర్యాదస్తుడు. "ఎలాంటి పాటలు వింటారు సార్?" అని అడిగాడు. మెకానిక్కు జేబులోంచి తన వయొలిన్ డిస్కు తీసిచ్చాడు. ఈయన ఊరికే చూసిపోయే బాపతు కాదని కొట్టాయనకు అర్థమైంది.

"ముందు చిన్న పరీక్ష సార్. ఈల శబ్దం ఒకటి కింది నుంచి పైకి వెళ్తుంది. ఏ పెట్టె ఎంత పైదాకా పలుకుతుందో తెలుస్తుంది" అన్నాడు.

ఈల మొదలైంది. పెరిగింది. ఆగింది. మెకానిక్కు చేతులు కట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. అవతల హెడ్‌ఫోన్లు చూస్తున్న ఒకావిడ రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

"మిగతాది ఎప్పుడు పెడతారు?" అని అడిగాడు మెకానిక్కు.

కొట్టాయన ఆవిడ వంక చూశాడు. తర్వాత ఈయన వంక చూశాడు. "మోగుతూనే ఉంది సార్" అన్నాడు మెల్లగా.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత. ఊదినవాడికీ ఇబ్బందిగానే ఉంటుందని సామెత చెప్పదు. మెకానిక్కు డిస్కు తీసుకుని, మళ్లీ వస్తానని చెప్పి మెట్లు దిగాడు.

చెవుల డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. గీత సగం దాకా తిన్నగా వెళ్లి, అక్కడ్నుంచి గోడ మీంచి దూకినట్టు కిందికి పోయింది. "మోటారు గదులు, వయసు. మాటలు బాగానే వినపడతాయి, పై శబ్దాలే పోయాయి" అన్నాడు.

రెండు వారాలు ఆయన స్పీకర్ల ఊసెత్తలేదు. ప్లేయరూ పెట్టలేదు. మూడో శనివారం ఆవిడే అడిగింది. "ఏవండీ, స్పీకర్లు ఏమయ్యాయి?"

ఆయన కాగితం తెచ్చి ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని పైనుంచి కిందికి, ఉత్తరం మీద చిరునామా చదివినట్టు చదివింది.

"ఓహో. కాలింగ్ బెల్ మోగితే మీరు లేవరు కదా, ఆరేళ్లుగా. బద్ధకం అనుకున్నాను" అంది. ఆ తర్వాత, "చెప్పులేసుకోండి. నేనూ వస్తాను" అంది.

కొట్టాయన మూడు జతలు పక్కపక్కన పెట్టాడు. మొదటివి మనిషెత్తు ఉన్నాయి.

"పక్కింట్లో బీరువా జరుపుతున్నట్టుంది" అంది ఆవిడ.

రెండోవి మొదలవగానే మెకానిక్కు ముందుకు వంగాడు. తీగ తీగా విడిగా వినపడుతోంది. "ఇవే!" అన్నాడు. పక్కకు తిరిగి చూస్తే, ఆవిడ పుల్లటిది కొరికినట్టు మొహం పెట్టుకుని కూర్చుంది.

"మీకు వినపడాలంటే నా పళ్లు రాలాలా?"

మూడోవి చిన్నవి, చెక్క పెట్టెలు. వయొలిన్ కొంచెం వెనక్కి జరిగింది, కానీ బొంగురు పోలేదు. ఆవిడ తల వంచి వింది.

"ఈ వయొలిన్ ఆయన ఊపిరి పీలుస్తున్నాడు. వాయించబోయే ముందు. ఇన్నేళ్లూ దోమ అనుకున్నాను, మనిషా!"

"ఎక్కడ?" అన్నాడు మెకానిక్కు. ఆ డిస్కు ఆయనకు కంఠతా వచ్చు. అందులో ఊపిరి ఉందని తెలియదు.

కొట్టాయన మళ్లీ మొదట్నుంచి పెట్టాడు. ఆవిడ భర్త మణికట్టు మీద వేలుంచి, ఊపిరి వచ్చిన చోటల్లా ఒకసారి తట్టింది. పదకొండు సార్లు తట్టింది. ఆయనకు ఒక్కటీ వినపడలేదు. పన్నెండోది ఎక్కడ రావాలో మాత్రం లెక్క అందింది, వేలు పడకముందే తల ఊపాడు.

"ఇంకొకటి వినాలి" అని ఆవిడ హ్యాండ్‌బ్యాగు లోంచి మరో డిస్కు తీసింది. అట్ట మీద తొమ్మిది మంది, తొమ్మిది పెద్ద డోళ్లు.

"ఎవరిదది?"

"నాదే. మీరు ఆదివారం డ్యూటీకి వెళ్లినప్పుడు వినేదాన్ని. ఫ్రిజ్ మీద నీళ్ల సీసాలు కింద పడేవి."

ముప్ఫై ఒక్కేళ్ల కాపురంలో ఆయనకిది కొత్త కబురు. సీసాలు పగిలినప్పుడల్లా పిల్లిని తిట్టాడు.

చెక్క పెట్టెలు డోళ్లను తట్టుకున్నాయి. ఇంకా బరువు కావాలంటే పెట్టెల్ని గోడకు దగ్గరగా జరపమన్నాడు కొట్టాయన. వయొలిన్ తేటగా వినపడాలంటే గోడకు దూరంగా జరపాలట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఇంట్లో మెకానిక్కు మట్టం పెట్టి స్టాండ్లు నిలబెట్టాడు. గోడకు జానెడు దూరంలో నేల మీద ఒక సుద్దగీత, రెండు జానల దూరంలో ఇంకోటి గీశాడు. తన కుర్చీ ముందుకు, ఆవిడది వెనక్కి వేశాడు.

మొదటి సాయంత్రం పెట్టెలు దగ్గరి గీత మీదే ఉన్నాయి. డోళ్లు మోగాయి. శబ్దం నేల మీదుగా వచ్చి ఆయన అరికాళ్లకు తగిలింది. ఒక్క దెబ్బ కూడా పోలేదు. తొమ్మిదిమందినీ విడివిడిగా లెక్కపెట్టగలిగాడు.

"ఎలా ఉంది?" అంది ఆవిడ వెనకనుంచి.

"ఆ నాలుగోవాడు కొంచెం తొందరపడుతున్నాడు" అన్నాడు.

"ఎప్పుడూ అంతే వాడు" అంది ఆవిడ. "రేపు కూడా ఇదే పెడదాం."

"రేపు వయొలిన్."

"చూద్దాం" అంది, శబ్దం ఇంకొంచెం పెంచుతూ.