నీళ్లలో ఆరని దీపం

మా సైన్సు సారు పోయారని నిన్న దేవరకొండ నుంచి కబురు వచ్చింది. ఏడుపొచ్చింది, నిజమే. కానీ ఆయన్ను తలుచుకుంటే ఏడుపు ఎంతోసేపు నిలవదు, సంబరం ముంచుకొస్తుంది! అది ఆయన అంటించిన జబ్బే.

బడిలో ఉర్దూ పోయి తెలుగు పాఠాలు వచ్చిన కొత్త రోజులవి. ఒక మిట్టమధ్యాహ్నం సారు కిటికీలకు గోనెసంచులు కట్టించి, తలుపు మూసి, ఆ చీకట్లో మమ్మల్ని సముద్రం అడుగుకు దింపారు. ఎండ చొరబడని ఆ లోతులో ఒక చేప ఉందట. దాని నుదుటి మీద సొంత దీపం! వెలుగు చూసి దగ్గరికొచ్చిన చిన్న చేపలను గుటుక్కున మింగుతుందట. "సమజైందా అని నేనడగ. భయమైందా, సంబురమైందా, గది చెప్పుండ్రి!" అన్నారు సారు. మాకు రెండూ అయ్యాయి.

ఇంటికి పరుగెత్తి మా నాయనమ్మకు అంతా చెప్పేశాను. మా ఇంట్లో అవ్వ మాటే మాట. దీపం చూపి పిలవడం, దగ్గరికొస్తే మింగడం... ఇంకేముంది, అది కొరివిదయ్యమేనని అవ్వ తేల్చేసింది! నా చేతికి తాయెత్తు కట్టి, బడి మాన్పించి, పల్లీల చేనుకు తోలింది. మీరే చెప్పండి, నా చదువు అక్కడితో సరి కదా!

నేను కనబడకపోయేసరికి సారు సైకిలేసుకుని ఇంటికే వచ్చారు.

"ఏం సారూ, పోరికి దయ్యాల కతలు చెప్తున్నవట?" అంది అవ్వ.

"దయ్యం కాదవ్వా, చేప."

"నీళ్లల్ల దీపమెట్లుంటది? ఆరిపోదా?"

సారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "శెబాష్ అవ్వా! మా పోరగాండ్లు ఒక్కరు గూడ గిది అడగలే! గది మంట కాదు. మిణుగురును పట్టుకుంటే చెయ్యి కాలుతదా?"

"కాలదు."

"గసొంటి వెలుగే గది."

"నువ్వు సముద్రం చూసినవా?"

నేను సారు ముఖంలోకి చూశాను. సారు తల అడ్డంగా ఊపారు. "లేదవ్వా. నేను గూడ చూడలే."

అవ్వ ఆయన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "చూడనిదానికే గింత సంబురమా! అబద్ధాలోడైతే చూసిన అంటుండె. పోరిని రేపు నేనే తోల్కొస్త."

తోలుకొచ్చి ఊరుకుందా, తరగతి గడప మీదే కూర్చుంది! నేనిప్పుడు ఆత్మకూరులో పంతులమ్మనంటే ఆ ఇద్దరి పుణ్యమే. ఆ రోజు సారు బోర్డు మీద ఆ చేపను గీస్తుంటే అవ్వ ఉండబట్టలేక అడిగింది: "సారూ, దాని పిల్లలకు గూడ దీపముంటదా?"

సారు వెనక్కి తిరిగారు. ముఖమంతా నవ్వే. "తెల్వదవ్వా! నాకు తెల్వదు!" అని బడంతా వినబడేలా అరిచి, సుద్దముక్క తెచ్చి అవ్వ చేతిలో పెట్టారు. అక్షరం రాని మా అవ్వ లేచి, ముగ్గుపిండి పట్టినట్టు దాన్ని మూడు వేళ్లతో పట్టుకుని, పెద్ద చేప పక్కన చిట్టి చేపలు గీసింది. ఒక్కోదాని నుదుట జాగ్రత్తగా బొట్టు పెట్టింది.