ఇద్దరు పెద్దలు, ఒక్క దుప్పటి

దేవునికి స్తోత్రం. ఆకాశాన్నీ, పసుపు చేలనూ, మే నెల ఎండనూ, ఆ ఎండలో నవ్వుకునే నోటినీ ఇచ్చిన ప్రభువుకు మహిమ కలుగుగాక.

కోరుట్లలో మా సంఘం చాలా చిన్నది. ఈమధ్యే రేకుల కప్పుతో మందిరం కట్టుకున్నాం. గోడలు ఎత్తింది సెలవు మీద వచ్చిన నా భర్తే. ప్రతిష్ఠ దాకా సెలవు మిగలక, ఆ పనులు నాకు అప్పగించి దుబాయి వెళ్ళిపోయాడు. అక్కడ భోజనాల వేళ వీడియో కాల్‌లో రిబ్బన్ తెగడం చూడాలన్నది ఆయన ఆశ. మళ్ళీ పనికి బెల్లు కొడితే మాత్రం ఫోన్ లోపల పెట్టేయాలి.

ఆ రిబ్బన్ ఎవరు కత్తిరించాలన్న దగ్గరే యుద్ధం మొదలైంది. జగిత్యాల సంఘపెద్ద ఫోన్ చేసి, "కోరుట్ల మా జిల్లాలనే ఉన్నది గద బిడ్డా, మేముండంగ వేరేటోళ్లెందుకు?" అన్నాడు. సిరిసిల్ల సంఘపెద్ద, "మీ ఊళ్లె మొదటి ప్రార్థన వెట్టిందే మేము. గీ జిల్లాలు మొన్నచ్చినయి" అన్నాడు. ఎవరు అలిగినా వాళ్ళ ఊరివాళ్ళంతా లేచి వెళ్ళిపోతారు. బైబిల్లో అబ్రాహాము తాను తగ్గి, నచ్చిన నేలను ముందుగా లోతునే కోరుకోమన్న సంగతి ఇద్దరికీ గుర్తుచేశాను. ఇద్దరూ మెచ్చుకున్నారు. ఇద్దరూ లోతు వంతే కోరుకున్నారు.

చివరికి ఇద్దరూ కలిసి కత్తిరించడానికి ఒప్పించాను. ఇక సన్మానం మిగిలింది. శాలువా ముందు ఎవరికి కప్పినా రెండో ఆయన అలుగుతాడు. అందుకని సిరిసిల్లలో నేసిన పెద్ద దుప్పటిని జగిత్యాల అంగట్లో కొన్నాను. ఇద్దరినీ గుమ్మంలో రిబ్బన్ ముందు పక్కపక్కన నిలబెట్టి ఒకేసారి కప్పేశాం. చప్పట్లు మోగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తీసేటప్పుడు ఎవరు ముందో నేను ఆలోచించనే లేదు.

చెరో అంచు పట్టుకుని ఇద్దరూ అలాగే నిలబడ్డారు. రేకుల చూరు కింద కొలిమిలా ఉంది.

"తమ్మీ, మీకు చెమటలు కారుతున్నయి, ఇడువుండ్రి" అన్నాడు జగిత్యాల ఆయన.

"నాకేం లేదు తమ్మీ, మీరే ఉడుకుతున్నట్టున్నరు" అన్నాడు సిరిసిల్ల ఆయన.

పళ్ళెంలో కత్తెర అలాగే ఉంది. ఫోన్‌లోంచి నా భర్త, "ఏందే, పెద్దయ్యలిద్దరికి చలిజరమచ్చిందా?" అన్నాడు. జనమంతా పకపకా నవ్వారు. పెద్దలు మాత్రం అంచులు ఇంకా గట్టిగా బిగించారు.

అంతలో ఫోన్‌లో బెల్లు వినిపించింది. నా భర్త లేచి నిలబడ్డాడు. "అయ్యా, డ్యూటీకి పిలుస్తున్నరు. రిబ్బన్ తెగుడు సూడకుంటనే పోవాల్నా?"

దుప్పటి ధబ్బున కిందపడింది. చెరో వేలు కత్తెర రింగులో దూర్చి ఇద్దరూ ఒక్కసారే నొక్కారు. రిబ్బన్ తెగింది. "సూసిన, సూసిన! స్తోత్రం!" అన్నాడు నా భర్త. కాల్ కట్ అయింది.

కత్తెర పళ్ళెంలో పెట్టకముందే మళ్ళీ మొదలైంది.

"ముందుగాల తగ్గింది నేనే" అన్నాడు జగిత్యాల ఆయన.

"ఎక్కడిది? నేనిడిసినంకనే మీరిడిసిండ్రు."

ఆ తగాదా ఇంకా తేలలేదు. ఇప్పుడు మా ఊరికి ఎవరు ముందొచ్చినా మందిరం తలుపు దగ్గరే నిలబడి, రెండో ఆయన్ని ముందు లోపలికి వెళ్ళమంటాడు. ఆయన వెళ్ళడు. జనం ఎండలో ఉడుకుతుంటారు.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం కళ్ళు మూసి నాతో అనండి: తండ్రీ, మా పెద్దలను ఇలాగే తగ్గడంలోనే పోటీపడనివ్వు. ముందుగా ఎవరో ఒకరిని లోపలికి నడిపించు. ఆమేన్.